ఇంగ్లండ్‌లో యుద్ధకాలపు శిక్షణ ఏరోడ్రోమ్‌ను వెతికి, నడిచి, రికార్డు చేయడం ఎలా?

కొవెంట్రీ, లెస్టర్, మిల్టన్ కీన్స్ వైపు ఉండే మన వాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఆదివారం నడకకి వెళ్తే గోధుమ చేల మధ్య ఇంత పొడుగు కాంక్రీటు రోడ్డు, దాని మీద కోళ్ళ షెడ్లు, పక్కన కిటికీల్లేని ఇటుక గది కనిపించాయి, అదేమిటి?" చాలాసార్లు అది రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ సిబ్బందికి శిక్షణ ఇచ్చిన ఏరోడ్రోమే అయి ఉంటుంది. దాన్ని పద్ధతిగా ఎలా చదవాలో, ఏది ముందు ఏది వెనకో, ఎక్కడ పొరబడతామో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని చేసే పని మూడు వంతులు, పొలంలో నడిచే పని ఒక వంతు అని ముందే అనుకోండి. వరుస తిరగేస్తే రోజంతా తిరిగినా ఏం చూశామో తెలియదు. నేను మొదటిసారి ప్లాన్ లేకుండా వెళ్ళి ఒక ఎత్తైన ఇటుక గదికి అరవై ఫొటోలు తీశాను, అది యుద్ధం అయ్యాక రైతు కట్టుకున్న గది అని తర్వాత ప్లాన్ చూస్తేగానీ తెలియలేదు.

1. ముందు అది ఏ రకం శిక్షణ స్థలమో తేల్చుకోండి

అన్ని శిక్షణ ఏరోడ్రోమ్‌లూ ఒకటి కావు, మిగిలే ఆనవాళ్ళు కూడా ఒకటి కావు.

ప్రాథమిక శిక్షణ ఈఎఫ్‌టీఎస్‌లో, అంటే ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్‌లో, ఎక్కువగా టైగర్ మాత్ అనే చిన్న విమానం మీద జరిగేది. అది గడ్డి మైదానం. కాంక్రీటు రన్‌వే ఉండదు కాబట్టి ఇవాళ మామూలు పొలంలాగే ఉంటుంది, ఒక షెడ్డో గుడిసో మిగిలితే అదృష్టం. ఆ తర్వాతి మెట్టు ఎస్‌ఎఫ్‌టీఎస్, అంటే సర్వీస్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్, అక్కడ ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్ లాంటి విమానాలు. ఆ పైన ఓటీయూ, అంటే ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్.

మొదటిసారి చేసేవాళ్ళు బాంబర్ ఓటీయూనే ఎంచుకోండి. అక్కడ మూడు కాంక్రీటు రన్‌వేలు, వాటి చుట్టూ తిరిగే దారి, పదుల కొద్దీ భవనాలు ఉండేవి, ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. పైలట్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, గన్నర్ విడివిడిగా చదువుకుని వచ్చి, మొదటిసారి ఒక జట్టుగా కలిసింది ఓటీయూలోనే. చాలా చోట్ల అందరినీ ఒక హ్యాంగర్‌లో వదిలేసి మీ జట్లు మీరే కట్టుకోండి అనేవారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు వెలింగ్టన్ బాంబర్ల మీద పగలూ రాత్రీ ఎగిరేవారు. ఫ్లయిట్ ఇంజనీర్ మాత్రం ఆ తర్వాతి మెట్టులో, పెద్ద బాంబర్లకి మారే హెవీ కన్వర్షన్ యూనిట్‌లో చేరేవాడు. ఈ వరుస గుర్తుంటే ఏ భవనం ఎవరి కోసమో ఊహించడం తేలిక.

ఇండియాలోనూ ఈ మెట్లే ఉండేవి: హైదరాబాద్ బేగంపేటలో 1వ ఈఎఫ్‌టీఎస్, అంబాలాలో 1వ ఎస్‌ఎఫ్‌టీఎస్, రిసాల్‌పూర్‌లో 151వ ఓటీయూ. కానీ ఈ గైడ్‌ని బేగంపేటలో ప్రయత్నించకండి. అక్కడ వైమానిక దళం ఇంకా పనిలో ఉంది, కెమెరాతో తిరిగితే ఇబ్బందుల్లో పడతారు.

2. పేరెంటా, శాటిలైటా?

ప్రతి పెద్ద ఓటీయూకి ఒక పేరెంట్ స్టేషన్, అంటే ప్రధాన ఏరోడ్రోమ్, దానికి కాస్త దూరంలో ఒకటో రెండో శాటిలైట్‌లు, అంటే అనుబంధ ఏరోడ్రోమ్‌లు. ఎక్కి దిగే సాధనలో కొంత భాగం శాటిలైట్‌కి పంపేవారు, ఒకే రన్‌వే మీద రద్దీ పడకుండా. కాబట్టి మీ ఏరోడ్రోమ్ పేరు ఒక్కటే తెలిస్తే సగమే తెలిసినట్టు.

కొన్ని జంటలు, మీకు దగ్గరగా ఉండేవి:

- మోర్టన్-ఇన్-మార్ష్ (21 ఓటీయూ), శాటిలైట్ ఎన్‌స్టోన్
- వెల్స్‌బోర్న్ మౌంట్‌ఫర్డ్ (22 ఓటీయూ), శాటిలైట్ గేడన్
- వింగ్ (26 ఓటీయూ), శాటిలైట్ లిటిల్ హార్‌వుడ్
- లిచ్‌ఫీల్డ్ (27 ఓటీయూ), శాటిలైట్ చర్చ్ బ్రౌటన్
- వైమ్స్‌వోల్డ్ (28 ఓటీయూ), శాటిలైట్ కాజిల్ డానింగ్టన్
- సిల్వర్‌స్టోన్ (17 ఓటీయూ), శాటిలైట్ టర్వెస్టన్

కాజిల్ డానింగ్టన్ అంటే మనం ఇవాళ విమానం ఎక్కే ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఎయిర్‌పోర్టే. గేడన్‌లో కార్ల కంపెనీకి పనికి వెళ్ళే మన ఇంజనీర్లు రోజూ తొక్కే నేల కూడా పై జాబితాలోని గేడన్ ఏరోడ్రోమే. సిల్వర్‌స్టోన్‌లో రేసు ట్రాక్ మొదలైంది ఆ పాత రన్‌వేలు, చుట్టుదారి మీదే, 1948లో.

3. కాగితాల పని

ఈ మెట్టు దాటేయాలని అందరికీ అనిపిస్తుంది, దయచేసి దాటేయకండి.

మొదటిది, ఆపరేషన్స్ రికార్డ్ బుక్. ప్రతి యూనిట్ నెలనెలా రాసుకున్న డైరీ, ఫారం 540 మీద. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. స్టేషన్ డైరీలు ఎయిర్ 28 వరుసలో, ఓటీయూల్లాంటి యూనిట్ల డైరీలు ఎయిర్ 29 వరుసలో వెతకాలి. ఎయిర్ 27 స్క్వాడ్రన్లది, అందులో ఓటీయూ దొరకదు, చాలామంది అక్కడే వెతికి "ఏమీ లేదు" అని వదిలేస్తారు. రీడర్ టికెట్ కావాలి, దానికి గుర్తింపు కార్డు, చిరునామా రుజువు రెండూ తీసుకెళ్ళండి. కాగితాలు ముందే ఆర్డర్ చేసుకుంటే రోజు వృథా కాదు. ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు.

డైరీలో ఏం రాసుకోవాలంటే: యూనిట్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది, ఏ విమానాలు, రన్‌వే పనులు ఎప్పుడు జరిగాయి, ప్రమాదాల తేదీలు. డైరీ నాణ్యత రాసిన ఆఫీసర్‌ని బట్టి ఉంటుంది, ఒక నెల నాలుగు పేజీలు, మరో నెల నాలుగు వాక్యాలు.

రెండోది, ఎయిర్ మినిస్ట్రీ సైట్ ప్లాన్. లండన్ హెండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియం దగ్గర యుద్ధం చివరి నాటి ప్లాన్లు ఉన్నాయి. ఇది చేతిలో ఉంటే పని సగం అయినట్టే, ఎందుకంటే ప్రతి భవనానికి ఒక నంబర్, పక్కన పట్టికలో దాని పేరు, కట్టిన తీరు, డ్రాయింగ్ నంబర్ ఉంటాయి. పట్టికలో టీబీ అంటే టెంపరరీ బ్రిక్: నాలుగున్నర అంగుళాల పల్చటి ఇటుక గోడ, మధ్యమధ్యలో ఊతానికి దిమ్మలు, పైన సిమెంటు పూత. పీబీ అంటే పర్మనెంట్ బ్రిక్. గుండ్రటి రేకు కప్పు గుడిసెలు నిస్సెన్ హట్లు.

మూడోది, పైనుంచి తీసిన ఫొటోలు. యుద్ధం అయిన వెంటనే ఆర్ఏఎఫ్ దేశమంతా ఫొటోలు తీసింది, ఇంగ్లండ్‌వి హిస్టారిక్ ఇంగ్లండ్ అనే చారిత్రక కట్టడాల సంస్థ దగ్గర, స్కాట్లండ్‌వి ఎడిన్‌బరోలోని జాతీయ ఏరియల్ ఫొటో సంగ్రహంలో. 1946–47 ఫొటో ఒకటి దొరికినా చాలు, గుడిసెలన్నీ ఇంకా నిలబడి కనిపిస్తాయి.

నాలుగోది మ్యాపులు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కాలపు ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపుల్లో రహస్యం కోసం ఏరోడ్రోమ్‌లు చూపించలేదు, ఆ చోట ఖాళీగానో పాత పొలం గట్లతోనో ఉంటుంది. మ్యాపులో లేదు కాబట్టి ఏరోడ్రోమ్ లేదనుకోకండి. తర్వాతి దశాబ్దాల మ్యాపు చూడండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో పాత మ్యాపునీ ఇవాళ్టి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి ఉచితంగా చూడొచ్చు, ఇంగ్లండ్ మ్యాపులు కూడా.

4. ప్లాన్‌ని ఇవాళ్టి చిత్రం మీద పరచడం

గూగుల్ ఎర్త్‌లో సైట్ ప్లాన్ ఫొటోని పైపొరగా పెట్టి, సగం పారదర్శకం చేసి, సరిపోయేదాకా జరపండి. సరిచూసుకోవడానికి కనీసం మూడు గుర్తులు: చర్చి గోపురం, రోడ్ల కూడలి, పాత ఫారం ఇల్లు. పొదల కంచెల్ని నమ్మకండి, డెబ్బై ఎనభై ఏళ్ళలో చాలా కంచెలు పీకేశారు.

ఇప్పుడు కొలవండి. 1942 తర్వాత ప్రామాణికంగా కట్టిన ఏరోడ్రోమ్‌లో పెద్ద రన్‌వే 2,000 గజాలు, మిగతా రెండు 1,400 గజాల చొప్పున, వెడల్పు 50 గజాలు, చుట్టుదారి వెడల్పు 50 అడుగులు. మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ త్రిభుజంలా ఉంటాయి. ఇవాళ వెడల్పు 50 గజాలు రాకపోతే కంగారు పడకండి: చాలా చోట్ల కాంక్రీటుని పగలగొట్టి రోడ్ల పనులకి అమ్మేశారు, ట్రాక్టర్ వెళ్ళేంత పట్టీ మాత్రం వదిలారు. ఆ పట్టీ రన్‌వే మధ్యదో అంచుదో ప్లాన్ పరిచాకే తెలుస్తుంది.

నడక ముందు చెక్‌లిస్ట్:

- పరిచిన ప్లాన్ ప్రింట్, భవనాల పట్టిక ప్రింట్ (ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, సిగ్నల్ ఉండదు)
- తప్పక చూడాల్సిన పది నంబర్లకి ఎర్ర సున్నా
- ఏ భాగం ఎవరి పొలం, పబ్లిక్ ఫుట్‌పాత్ (పొలాల మీదుగా అందరూ నడవగల దారి) ఎక్కడ
- అక్కడ ఇప్పటికీ విమానాలు దిగుతాయా, జైలో ఫ్యాక్టరీయో ఉందా

5. అనుమతి, కాలం, సంచి

ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ దాటి అడుగు పెట్టాలంటే రైతు అనుమతి కావాలి. ఫోన్ నంబర్ కోసం తంటాలు పడే బదులు చిన్న ఉత్తరం రాయండి: మీరెవరు, ఏం చూడాలి, ఏ రోజు, ఎంతసేపు, తవ్వడం ఉండదు, మెటల్ డిటెక్టర్ ఉండదు, ఫొటోల కాపీ ఇస్తాను. చివరి మాట చాలా పని చేస్తుంది. రైతు తాతగారు ఆ గుడిసె కొన్న కథ కూడా అప్పుడే బయటికొస్తుంది. మన పేరు, మన ముఖం చూసి ఏమనుకుంటారో అని కొందరికి టెన్షన్ ఉంటుంది. నాకు ఎదురైన రైతుల్లో ఎక్కువమంది, తమ పొలం గురించి ఒకరు ఇంత శ్రద్ధగా చదువుకొచ్చారని తెలిసి టీ ఇచ్చినవాళ్ళే.

కాలం ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరిదాకా మంచిది. దురదగొండి ఆకులు, ముళ్ళ తీగలు అణిగి ఉంటాయి, చెట్లకి ఆకులుండవు, పైరు చిన్నది. ఫెజెంట్ పక్షుల వేట అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు సాగుతుంది, ఆ నెలల్లో అడవి అంచున తిరగొద్దు. గొర్రెలు ఈనే రోజులైతే ఆ మడి వదిలేయండి.

సంచిలో:

- గట్టి బూట్లు, మందపాటి చేతి తొడుగులు, టార్చ్
- 5 మీటర్ల టేపు, నోట్‌బుక్, పెన్సిల్ (వానలో పెన్ను పని చేయదు)
- దిక్సూచి, పవర్ బ్యాంక్
- ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచడం, ఇది సంచిలో పట్టదు గానీ అన్నిటికన్నా ముఖ్యం

మూడు ప్రమాదాలు. బూడిద రంగు వంపుల రేకులు చాలావరకు ఆస్‌బెస్టాస్, విరిచినా తొక్కినా దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ముట్టుకోకండి. రెండోది, మూతల్లేని మ్యాన్‌హోళ్ళు, నీళ్ళ తొట్లు, గడ్డి కప్పేసి ఉంటాయి. మూడోది, తుప్పు పట్టిన చిన్న బాంబు ఆకారం ఏదైనా కనిపిస్తే, అది సాధన బాంబు కావచ్చు, తీసి చూడకండి, చోటు గుర్తు పెట్టుకుని దూరంగా వచ్చి 999కి ఫోన్ చేయండి.

6. ఏ వరుసలో నడవాలి

బయటి నుంచి లోపలికి. చుట్టుదారి పట్టుకుని ఒక పూర్తి చుట్టు తిరగండి, ఆ చుట్టులో ఏ భవనం దగ్గరా ఆగకుండా ఎక్కడ ఏముందో గుర్తు పెట్టుకోండి.

చుట్టుదారి పక్కన విమానాలు నిలిపిన కాంక్రీటు చోట్లు కనిపిస్తాయి. పిడి ఉన్న పెనంలా గుండ్రంగా ఉంటే తొలి రకం, కళ్ళజోడులా రెండు వంపులుంటే తర్వాతి రకం. రెండూ ఒకే చోట ఉంటే ఏరోడ్రోమ్‌ని మధ్యలో పెంచారన్నమాట, డైరీలో ఆ తేదీ వెతకండి. ఒంటరిగా ఉన్న చిన్న కాంక్రీటు వృత్తం దిక్సూచి సరిచూసుకునే చోటు కావచ్చు, దాన్ని పెనాల లెక్కలో కలపకండి.

తర్వాత వరుస: వాచ్ ఆఫీస్, అంటే కంట్రోల్ టవర్, టెక్నికల్ సైట్ (వర్క్‌షాపులు, బోధన గదులు ఉండే చోటు), హ్యాంగర్లు, తుపాకులు సరిచూసుకునే ఎత్తైన ఇటుక గోడ, బాంబు నిల్వ, చివరగా మనుషులు పడుకున్న డిస్పర్స్డ్ సైట్లు. ఈ చివరివి ఏరోడ్రోమ్ బయట, కొన్నిసార్లు మైలు దూరంలో, చెట్ల మధ్య ఉంటాయి. చాలామంది అక్కడిదాకా వెళ్ళరు, నాకు మాత్రం బాగా మిగిలిన గుడిసెలు ఎక్కువగా అక్కడే దొరికాయి.

7. శిక్షణ భవనాల్ని గుర్తుపట్టడం

అసలు విషయం ఇది. రన్‌వేలు అన్ని బాంబర్ ఏరోడ్రోమ్‌లకీ ఒకేలా ఉంటాయి, అది బడి అని గట్టిగా చెప్పేవి టెక్నికల్ సైట్‌లోని బోధన గదులు. యుద్ధానికి వెళ్ళే స్టేషన్‌లోనూ ఒకటీ అరా ఉండొచ్చు, కానీ ఓటీయూలో ఇవి గుంపుగా ఉంటాయి. గుంపు కనిపిస్తోందా లేదా అన్నదే మీ పరీక్ష.

లింక్ ట్రైనర్ గది. చిన్న బొమ్మ విమానం లాంటి పెట్టెలో పైలట్ కూర్చుని, మూత వేసుకుని, కేవలం పరికరాలు చూస్తూ నడిపేవాడు. పెట్టె గాలి తిత్తుల మీద వంగేది, తిరిగేది. పక్కన బల్ల మీద ఒక చిన్న యంత్రం అతను వెళ్ళిన దారిని కాగితం మీద గీసేది. గది మామూలు ఇటుక గుడిసెలా ఉంటుంది కాబట్టి ప్లాన్ పట్టిక లేకుండా తేల్చి చెప్పకండి.

ఏఎంఎల్ (ఎయిర్ మినిస్ట్రీ లాబొరేటరీ) బాంబింగ్ టీచర్. ఇది ఎత్తుగా, ఇరుకుగా, రెండంతస్తుల పెట్టెలా ఉంటుంది. పై నుంచి ప్రొజెక్టర్ కింది నేల మీద కదిలే భూదృశ్యాన్ని వేసేది, బాంబ్ ఎయిమర్ పై అంతస్తులో బోర్లా పడుకుని గురి చూసి మీట నొక్కేవాడు. లోపల పై అంతస్తు నేలలో ఖాళీ, మెట్ల గుర్తు ఉన్నాయేమో చూడండి. దీన్ని ఎక్కువగా రెండిటితో పొరబడతారు: నీళ్ళ ట్యాంకు గది, పారాచూట్ గది. పారాచూట్లు తడి ఆరడానికి వేలాడదీసేవారు కాబట్టి ఆ గదికి పైకప్పు మధ్య భాగం మాత్రమే పైకి లేచి ఉంటుంది, ఏఎంఎల్ మొత్తంగా ఎత్తు.

టరెట్ ట్రైనర్. గన్నర్ నిజమైన టరెట్‌లో, అంటే విమానం మీద తుపాకులు బిగించిన తిరిగే గూటిలో, కూర్చుని తెర మీద కదిలే శత్రు విమానాన్ని గురి చూసే గది. లోపల గోడ ఎత్తు, పెద్ద తలుపు చూడండి, టరెట్‌ని లోపలికి తేవాలి కదా.

డోమ్ ట్రైనర్. గుమ్మటం ఆకారం, లోపలి వంపు మీదే సినిమా వేసి గురి నేర్పేవారు. నార్ఫక్‌లోని లాంగమ్ డోమ్‌ని బాగుచేసి మ్యూజియంగా నడుపుతున్నారు. అది విమానాల్ని నేల మీంచి కాల్చే గన్నర్లకి కట్టింది, ఓటీయూది కాదు, కానీ లోపల నిలబడితే ఈ పద్ధతంతా ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఏరోడ్రోమ్ బయట, కొన్ని మైళ్ళ దూరంలో, బాంబింగ్ రేంజ్ కూడా వెతకండి. పొలంలో పెద్ద కాంక్రీటు బాణం గుర్తు, దూరంగా చిన్న పరిశీలన టవర్లు ఉంటాయి. బాణం గురి వైపు చూపిస్తుంది, బాంబు ఎక్కడ పడిందో టవర్ల నుంచి కోణాలు కొలిచి లెక్కకట్టేవారు.

ఒక్కో భవనానికి రాయాల్సింది:

- ప్లాన్ నంబర్, గ్రిడ్ రెఫరెన్స్ (మ్యాపులో చోటు చెప్పే అంకెలు)
- పొడవు, వెడల్పు, గోడ మందం
- నాలుగు వైపులా ఫొటో, ఒకదాంట్లో టేపు కనిపించాలి
- కప్పు, తలుపు, కిటికీ ఉన్నాయా, తర్వాత మార్చారా
- గోడ మీద పాత రంగు, అక్షరాలు (తుడవొద్దు, తడపొద్దు, ఫొటో చాలు)
- మీ ఊహ ఏది, కళ్ళతో చూసింది ఏది, రెండూ వేరుగా

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

డ్రాయింగ్ నంబర్‌ని కట్టిన సంవత్సరం అనుకోవడం. వాచ్ ఆఫీస్ 12779/41 అంటే ఆ డ్రాయింగ్ 1941లో గీసింది అని మాత్రమే, కట్టింది తర్వాత కావచ్చు. 343/43 అని ఉంటే ముందువైపు కిటికీలు చిన్నవి. తేదీ కావాలంటే డైరీకే వెళ్ళండి.

యుద్ధం తర్వాత కట్టినదాన్ని యుద్ధకాలానిది అనుకోవడం. గేడన్‌లో పొడవైన రన్‌వే 1950ల్లో వీ-బాంబర్ల (అణుబాంబులు మోసే జెట్ విమానాల) కోసం వేసింది, వెలింగ్టన్లకి కాదు. 1946–47 ఫొటోలో లేనిదేదీ మీ జాబితాలోకి రాకూడదు.

నిస్సెన్ హట్ కనిపించిన చోటే మొదట ఉందనుకోవడం. రైతులు వాటిని వేలంలో కొని ఎక్కడెక్కడికో తీసుకెళ్ళారు. కింద పాత కాంక్రీటు పునాది సరిపోతోందా చూడండి.

కొండల్లో విమాన శకలాలు తెచ్చుకోవడం. ఇది తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. ఓటీయూ విమానాలు దారి తప్పి పీక్ డిస్ట్రిక్ట్, వేల్స్ కొండల్లో చాలా కూలాయి, ఆ ముక్కలు ఇంకా ఉన్నాయి. సైనిక విమానం కూలిన ఏ చోటైనా 1986 నాటి చట్టం కిందికి వస్తుంది, రక్షణ శాఖ లైసెన్స్ లేకుండా కదిలించకూడదు. చిన్న బోల్టు కూడా వద్దు.

9. ఊరి చర్చి ఆవరణకి వెళ్ళండి

ఇది చివర్లో చేయండి, కానీ వదిలేయకండి. ఆర్ఏఎఫ్ బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లో శిక్షణ ప్రమాదాల్లోనే ఐదు వేలకు పైగా మనుషులు చనిపోయారు. రాత్రి, మబ్బు, యుద్ధంలో అరిగిపోయి ఇక్కడికి పంపిన ఇంజన్లు, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఓటీయూ పక్క ఊళ్ళ చర్చి ఆవరణల్లో, లేదా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బాట్లీ లాంటి పెద్ద శ్మశానాల్లో వాళ్ళ తెల్ల రాళ్ళు వరుసగా ఉంటాయి.

చదివే పద్ధతి: రాయి మీద దళం గుర్తు, నంబర్, హోదా, పేరు, పని, తేదీ, వయసు ఉంటాయి. ఒకే తేదీ ఉన్న మూడు నాలుగు రాళ్ళు పక్కపక్కన ఉంటే అది చాలావరకు ఒకే జట్టు. పైలట్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, గన్నర్, అందరూ ఉన్నారా లెక్క చూడండి. ఎవరైనా లేకపోతే బతికి ఉండొచ్చు, లేదా కుటుంబం సొంత ఊరికి తీసుకెళ్ళి ఉండొచ్చు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళకి ఆ అవకాశం లేదు, అందుకే ఈ ఊళ్ళలో వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఇప్పుడు ఆ తేదీ పట్టుకుని డైరీ తెరవండి, ఒక్క వాక్యమైనా ఉంటుంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు సరిచూసుకోండి, రాయి మీద చేయి వేసి రుద్దకండి, పూలు పెట్టాలనిపిస్తే పెట్టండి.

10. పనిని ఎక్కడ అప్పజెప్పాలి

ఫొటోలు మీ ఫోన్‌లోనే ఉండిపోతే ఫోన్‌తో పాటే పోతాయి. ప్రతి కౌంటీకి హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్ అని ఒకటి ఉంటుంది, బిల్డింగ్ ప్లానింగ్ అనుమతులు ఇచ్చేటప్పుడు అధికారులు చూసేది అదే. ఈమెయిల్ చేసి, వాళ్ళు ఏ పద్ధతిలో అడిగితే ఆ పద్ధతిలో పంపండి. గోదాముల కోసమో ఇళ్ళ కోసమో ఆ స్థలం అడిగే రోజు వచ్చినప్పుడు, ఏఎంఎల్ గది ఇక్కడ ఉంది అని కాగితం మీద ఉంటే కనీసం ఆగి చూస్తారు. ఏమీ లేకపోతే ఒక్క ఉదయంలో కూల్చేస్తారు.

పంపే ముందు:

- ఫైల్ పేర్లలో ఏరోడ్రోమ్ పేరు, ప్లాన్ నంబర్, తేదీ
- రైతు వద్దన్న ఫొటోలు, ఇంటి వివరాలు తీసేశారా
- ఊహల పక్కన "బహుశా" అని రాశారా
- ఒక కాపీ రైతుకి, ప్రింట్ తీసి, పోస్టులో

రైతు కాపీ ఈమెయిల్‌లో కాదు, ప్రింట్‌లోనే పంపండి. వచ్చే ఏడాది శాటిలైట్ చూడడానికి పక్క రైతు అనుమతి కావాల్సి వస్తుంది, ఆయన ఈయనకి తెలిసినవాడే అయి ఉంటాడు.